లేటెక్స్ దిండు కొనేముందు మెత్తదనం కాదు, ఎత్తు చూడండి

నాలుగున్నర అంగుళాల ఎత్తు, పైనుంచి కింది దాకా సన్న చిల్లులు, కొంచెం గట్టి రకం లేటెక్స్ దిండు, అంటే రబ్బరు పాలతో చేసే స్పాంజి దిండు. రెండు వేల పైచిలుకు అయింది. నా మెడకి బ్రహ్మాండంగా కుదిరింది. మా అత్తగారికి కుదరలేదు. పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి నుంచి వచ్చిన మా ఆడపడుచైతే ఒక్క రాత్రి పడుకుని, పొద్దున్నే మెడ పట్టుకుని "ఇదేం దిండు వదినా, నీకో దండం" అని పక్కకి తోసేసింది. దిండు ఒక్కటే, సరుకు మంచిదే, మరి ముగ్గురికీ మూడు రకాలుగా ఎందుకు అనిపించిందో చెప్తే కొనేవాళ్ళకి కాస్త పనికొస్తుందని రాస్తున్నాను. ఐదుకి నాలుగు స్టార్లు అని రాసేసి ఊరుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు.

నాది భీమవరంలో రొయ్యల మేత అమ్మే షాపులో లెక్కలు రాసే పని. ఉండేది నరసాపురంలో. పొద్దున్నే రైలు, రోజంతా కంప్యూటర్, సాయంత్రం మళ్ళీ రైలు, ఆ రైల్లో ఫోను. పంట పట్టుబడి సీజన్‌లో అయితే తల ఎత్తే తీరిక ఉండదు. మెడ వెనక మొదలై కుడి రెక్క కింద దాకా లాగేది, పొద్దున లేవగానే తల ఒక పక్కకి తిరిగేది కాదు, పదింటికి కాస్త వదిలేది. నడుము కూడా అంతే. డాక్టరుగారు ఎక్స్‌రే చూసి ఎముకలో పెద్ద తేడా ఏమీ లేదమ్మా, కండరాలు పట్టేస్తున్నాయి అని ఫిజియోథెరపీకి పంపారు. ఆ ఫిజియో అమ్మాయి వ్యాయామాలు చెప్పాక అడిగిన మొదటి ప్రశ్న "ఏ దిండు మీద పడుకుంటారండి" అని.

ఏ దిండంటే ఏం చెప్తాం, మన వైపు అందరిళ్ళలో ఉండేదే, బూరుగు దూది దిండు. పెళ్ళికి పుట్టింటి వాళ్ళు పెట్టింది. బూరుగు దూదిని నేను తక్కువ చేసి మాట్లాడను, చల్లగా ఉంటుంది, తేలిగ్గా ఉంటుంది, కొత్తగా కుట్టించినప్పుడు దాన్ని మించింది లేదు. కానీ అది రోజురోజుకీ అణిగిపోతుంది. తల పెట్టే చోట గుంట పడుతుంది, దూది అంచులకి జరిగిపోయి ఉండలు కడుతుంది, అప్పుడు మనం ఏం చేస్తాం, ఇంకో దిండు దాని మీద వేస్తాం. ఒకటైతే పల్లం, రెండైతే మిట్ట. వెనకటికి దూదేకేవాళ్ళు వీధిలోకి వచ్చి విప్పి ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చేవారు, ఇప్పుడు వాళ్ళు కనపడటమే అపురూపం.

ఫిజియో అమ్మాయి చెప్పింది నాకు బాగా తలకెక్కింది. మెడలో ఏడు ఎముకలు ఉంటాయి, అవి నిట్టనిలువుగా ఉండవు, ముందువైపుకి చిన్న వంపు తిరిగి ఉంటాయి. మనిషి తల బరువు దాదాపు నాలుగున్నర, ఐదు కిలోలు. రాత్రంతా ఆ బరువు దిండు మోయాలి, మెడ కండరాలు కాదు. పక్కకి తిరిగి పడుకుంటే భుజానికీ తలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో అంత ఎత్తు కావాలి. వెల్లకిలా పడుకుంటే అంతకన్నా తక్కువ చాలు, కాకపోతే మెడ కింద వంపు నిండాలి. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్ళకి దిండు దాదాపు లేకపోయినా పర్వాలేదు, ఎందుకంటే వాళ్ళ మెడ అప్పటికే ఒక పక్కకి తిరిగిపోయి ఉంటుంది, దాన్ని మళ్ళీ పైకెత్తితే నొప్పి రాక చస్తుందా. మా ఆడపడుచు బోర్లా పడుకునే మనిషి. చిన్నప్పటినుంచీ అంతేనట. ఆవిడ తిట్లు దిండుకి తగిలించడం న్యాయం కాదు.

ఎత్తు ఎలా కొలవాలో కూడా చెప్తాను, టేపు ఉంటే చాలు. గోడకి పక్కగా నిలబడి భుజం గోడకి ఆనించండి, తల నిటారుగా పెట్టండి, ఇంకొకరిని పిలిచి చెవి దగ్గర్నుంచి గోడకి ఎన్ని అంగుళాలుందో చూడమనండి. నాకు ఐదుకి కాస్త తక్కువ వచ్చింది. అందులోంచి పరుపు ఎంత దిగుతుందో తీసేయాలి. మాది కొబ్బరి పీచు పరుపు, గట్టిది, భుజం దగ్గర అరంగుళం దిగితే గొప్ప. మెత్తటి ఫోము పరుపులైతే అంగుళం పైనే దిగిపోతాయి, అప్పుడు దిండు ఇంకా పల్చగా ఉండాలి. తల పెట్టాక లేటెక్స్ కూడా కొంచెం అణుగుతుంది కాబట్టి అదీ చూసుకోవాలి. అలా నాకు నాలుగున్నర తేలింది. ఇంత లెక్క చేసి ఎవరు కొంటారండీ అని మా ఆయన నవ్వారు. లెక్కలు రాసేదాన్ని కదా మరి.

అత్తయ్యగారి విషయం వేరు. ఆవిడ లేసు అల్లుతారు. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే సంతోషపడ్డారు గానీ, అల్లేవాళ్ళ మెడలు ఎలా ఉంటాయో ఆ గుర్తింపులో రాయరు కదా. గుమ్మంలో వెలుగు పడే చోట కూర్చుని గంటలకి గంటలు తల దించుకుని అల్లడమే, ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఆ వయసు ఆడవాళ్ళు చాలామందికి మెడనొప్పి ఉంటుంది. నా దిండు బాగుందని ఆవిడకి ఇచ్చాను. రెండో రోజే "వద్దమ్మాయ్, నా పాత దిండు నాకిచ్చెయ్" అన్నారు. ఆవిడ పడుకునేది నవారు మంచం మీద. నవారు నడుము దగ్గర కిందికి దిగుతుంది, తలవైపు పట్టె దగ్గర ఎత్తుగానే ఉంటుంది. దాని మీద నాలుగున్నర అంగుళాల లేటెక్స్ పెడితే గడ్డం వెళ్ళి గుండెకి తగులుతుంది. పగలంతా ఏ భంగిమలో ఉండి నొప్పి తెచ్చుకున్నారో రాత్రి కూడా అదే భంగిమ. ఆవిడకి మూడంగుళాల లోపు ఉండేది కావాలి. నవారు బిగించి చూశాం, కాస్త మెరుగైంది గానీ నాలుగురోజులకి మళ్ళీ వదులైపోయింది.

సరే, ఇంతకీ లేటెక్స్ అంటే ఏంటి. రబ్బరు చెట్టుకి గాటు పెడితే కారే పాలు. మన దేశంలో ఎక్కువ భాగం కేరళ నుంచే వస్తుంది, రబ్బరు బోర్డు ఆఫీసు కూడా అక్కడ కొట్టాయంలోనే ఉంది. ఆ పాలని మజ్జిగ చిలికినట్టు చిలికి నురగ చేసి, అచ్చులో పోసి, గంధకం లాంటివి కలిపిన ఆ నురగని ఆవిరి మీద ఉడికిస్తారు, అది గట్టిపడి స్పాంజి అవుతుంది. దీన్ని డన్‌లప్ పద్ధతి అంటారు, 1929లో ఇంగ్లండులో ఆ కంపెనీ ల్యాబులో కనిపెట్టింది. తలాలే అని ఇంకో పద్ధతి ఉంది, అందులో అచ్చుని సగమే నింపి, గాలి లాగేసి నురగ పొంగాక గడ్డకట్టించి, ఆ తర్వాత ఉడికిస్తారు. అది ఇంకొంచెం మెత్తగా, అంతటా ఒకేలా ఉంటుంది, ధర కూడా ఎక్కువే. మన షాపుల్లో దొరికేది ఎక్కువగా డన్‌లప్ రకమే. మెడనొప్పికి దాని గట్టిదనం నష్టం కాదు, నాకైతే లాభమే అనిపించింది. దిండులో కనిపించే చిల్లులు గాలి ఆడటానికే అనుకుంటాం, గాలికీ పనికొస్తాయి గానీ అసలు అవి అచ్చులో ఉండే పుల్లల గుర్తులు, ఉడికేటప్పుడు వేడి లోపలిదాకా వెళ్ళడానికి పెడతారు.

ఒక సంగతి తెలిసి నాకే ముచ్చటేసింది. మన కోనసీమ కొబ్బరి పీచుతో చేసే రబ్బరు కాయిర్ పరుపుల్లో పీచుని పట్టి ఉంచేది కూడా ఈ లేటెక్సే, పీచు మీద పిచికారీ చేసి నొక్కి కాలుస్తారు. అంటే మా ఇంట్లో ఈ సరుకు ఎప్పటినుంచో ఉంది, తల కింద ఇప్పుడు వచ్చిందంతే.

మెమరీ ఫోముకీ దీనికీ తేడా అందరూ అడుగుతున్నారు. మెమరీ ఫోము 1966లో నాసా కోసం తయారుచేసిన సరుకు, రబ్బరు పాలు కాదు, పాలియురెథేన్. ఒంటి వేడికి మెత్తబడి మెల్లగా దిగుతుంది, చెయ్యి పెట్టి తీస్తే అచ్చు కాసేపు ఉంటుంది. లేటెక్స్ అలా కాదు, నొక్కి వదిలితే టక్కున పైకి లేస్తుంది. చలికాలంలో మెమరీ ఫోము బాగానే ఉంటుందేమో, మే నెలలో మన ఉక్కపోతలో కరెంటు పోయిన రాత్రి దాని మీద తల పెట్టి చూడండి, తెలుస్తుంది. మా తోటికోడలి దగ్గర ఉంది అది, తల చుట్టూ గుంటలో కూరుకుపోయి చెవులు చెమట పట్టేస్తాయి. లేటెక్స్ మరీ చల్లగా ఉంటుందని చెప్పను, బూరుగు దూది అంత చల్లదనం దీనికి లేదు, కాకపోతే తల లోపలికి దిగిపోదు కాబట్టి పక్కల నుంచి గాలి తగులుతుంది.

ఆన్‌లైన్లో కొనేవాళ్ళు పేరు జాగ్రత్తగా చదవండి. "లేటెక్స్ ఫీల్", "లేటెక్స్ టైప్", "లేటెక్స్ లేయర్" అని ఉంటే అది లేటెక్స్ దిండు కాదు, మామూలు ఫోమో, ఫోము మీద పల్చటి పొరో. నిజమైన లేటెక్సులోనూ రబ్బరు పాలది ఒకటి, ఫ్యాక్టరీలో రసాయనాలతో చేసే సింథటిక్ ఒకటి, రెండూ కలిపింది ఒకటి ఉంటాయి. మరీ చవగ్గా వస్తోందంటే కలిపిందే అయి ఉంటుంది. నూటికి నూరు శాతం నాచురల్ అని రాసిన దాంట్లో కూడా ఉడకడానికి వేసే గంధకం వగైరా కొంచెం ఉంటాయి, అవి లేకుండా పాలు స్పాంజి కాదు, దానికి కంగారు పడక్కర్లేదు. గోల్స్ అనీ ఓయెకో టెక్స్ అనీ ముద్రలుంటాయి, మొదటిది సేంద్రియ లేటెక్సుకి ఇచ్చేది, రెండోది హానికరమైన రసాయనాలకి పరీక్ష చేసి ఇచ్చేది. షాపులో చేత్తో చూడాలంటే బరువు చూడండి. ఈ సైజు లేటెక్స్ దిండు కిలోన్నర అటూ ఇటూ తూగుతుంది, మామూలు ఫోము అందులో సగం కూడా ఉండదు.

ఇక మన ఊళ్ళకి తగ్గ జాగ్రత్తలు. ఇవి ఏ ప్యాకెట్టు మీదా నాకు పెద్ద అక్షరాలతో కనిపించలేదు. మొదటిది ఎండ. మనకి వానాకాలం పోగానే పరుపులూ దిండ్లూ డాబా మీద ఎండలో పడేయడం అలవాటు, బూరుగు దూదికి అది మందు కూడాను. లేటెక్సుని మాత్రం ఎండలో పెట్టకూడదు. ఎండకి పసుపు రంగులోకి తిరిగి, పైపొర పెళుసుబారి, కొన్నాళ్ళకి గిల్లితే పొడి రాలుతుంది. కవరు విప్పి నీడలో, ఫ్యాను కింద నిలబెట్టండి, చాలు. ఉతకడం గట్రా వద్దు, నీళ్ళు పీల్చుకుని బండ బరువెక్కుతుంది, పిండితే చిరుగుతుంది. మరక పడితే తడి గుడ్డతో తుడవడమే.

రెండోది కొబ్బరి నూనె. ఇది మన ఆడవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రబ్బరుకీ నూనెకీ పడదు, నూనె తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడి పాడవుతుంది. తలకి నూనె పట్టించుకుని పడుకునే అలవాటుంటే ఒక కవరు చాలదు. దిండుతో పాటు వచ్చిన జిప్పు కవరు లోపల ఉండనిచ్చి, పైన మందపాటి నూలు కవరు, నూనె పెట్టిన రాత్రి దాని మీద ఒక పాత తువ్వాలు. అత్తయ్యగారైతే నూనె మానేదిలేదు, దిండే మానేస్తాను అన్నారు, అదీ ఒక దారే.

మూడోది చెమ్మ. లేటెక్సుకి బూజు తొందరగా పట్టదని షాపువాళ్ళు చెప్తారు. కాలవ పక్కన ఇల్లు, తుఫాను ముసురు వారం రోజులు పట్టుకుంటే దిండుకి కాకపోయినా కవరుకి పడుతుంది. కవర్లు రెండు మూడు ఉంచుకుని మారుస్తూ ఉండాలి. అన్నట్టు, మన బజార్లో దొరికే కవర్లు 17కి 27 అంగుళాలు, లేటెక్స్ దిండ్లు ఎక్కువగా 24కి 16 వస్తున్నాయి. మామూలు కవరు తొడిగితే చివర వేలాడుతూ ఉంటుంది, మెడ కింద మడతపడి చిరాకు పెడుతుంది. నేను దర్జీకి ఇచ్చి కుట్టించుకున్నాను.

నచ్చనివి కూడా చెప్పాలి. కొత్తలో వాసన. పాల వాసనా రబ్బరు వాసనా కలిసినట్టు ఉంటుంది, మొదటి వారం తలనొప్పి వచ్చినంత పని చేసింది, కిటికీ దగ్గర పెట్టగా పెట్టగా పోయింది. అటూ ఇటూ తిరిగినప్పుడు తల కొంచెం ఎగిరినట్టు ఉంటుంది, అలవాటు పడాలి. మడతపెట్టి చంకలో ఇరికించుకుని పడుకునేవాళ్ళకి ఇది లొంగదు. ప్రయాణాల్లో మోయలేం. గ్లౌజులు వేసుకుంటేనో బెలూన్లు ముట్టుకుంటేనో దురదలు వచ్చేవాళ్ళు దీని జోలికి వెళ్ళకుండా ముందు డాక్టరుని అడగండి, లేటెక్స్ ఎలర్జీ నిజంగానే ఉంటుంది. మధ్యలో పల్లంగా, అంచులు ఎత్తుగా అలల ఆకారంలో ఉండే రకం కూడా చూశాను, దాంట్లో ఒక అంచు ఎత్తు ఎక్కువ, ఇంకోటి తక్కువ ఉంటుంది. వెల్లకిలా మాత్రమే పడుకునేవాళ్ళకి బాగుంటుందేమో. నేను రాత్రంతా తిరుగుతూనే ఉంటాను కాబట్టి మామూలు ఆకారమే తీసుకున్నాను.

నడుము నొప్పి సంగతి. తల కింద దిండు మారిస్తే నడుము నొప్పి పోతుందని అమ్మేవాళ్ళు అంటారు, అంత నమ్మకండి. నడుముకి పనిచేసింది పాత బూరుగు దిండే. పక్కకి పడుకున్నప్పుడు మోకాళ్ళ మధ్య పెట్టుకోవడం, వెల్లకిలా పడుకున్నప్పుడు మోకాళ్ళ కింద పెట్టుకోవడం. పైకాలు ముందుకి పడిపోయి నడుముని మెలితిప్పకుండా ఆపుతుంది. దీనికి లేటెక్సు కొనక్కర్లేదు, ఇంట్లో అణిగిపోయి పడున్న దిండు ఏదైనా సరే. మెడకి మాత్రం ఈ దిండు తేడా తెలిసింది, ఇప్పుడు పొద్దున లేవగానే తల రెండు పక్కలకీ తిరుగుతోంది. రైల్లో ఫోను చూస్తూ వంగి కూర్చున్న రోజు సాయంత్రానికి నొప్పి మళ్ళీ వస్తోంది, అది దిండు బాధ్యత కాదు. ఫిజియో చెప్పిన వ్యాయామాలు మానేసిన వారం కూడా వస్తోంది.

చేతివేళ్ళు తిమ్మిరెక్కడం, చెయ్యి పట్టు తప్పడం, నొప్పి చేతిలోకో కాలిలోకో జారడం, కాళ్ళలో బలం తగ్గడం, జ్వరంతో పాటు నొప్పి, ఇలాంటివి ఉంటే దిండ్ల గురించి చదవడం ఆపి ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మా ఆఫీసులో ఒకాయన వేళ్ళ తిమ్మిరిని దిండు మీదకి తోసేసి చాలా ఆలస్యం చేశారు.

నేను కొన్నది భీమవరంలో ఒక పరుపుల షాపులో. పేరు రాయడం లేదు, ప్రచారం అనుకుంటారు. అక్కడ నాకు నచ్చిందేంటంటే, పరుపు వేసి పడుకుని చూడమన్నాడు. చీర కట్టుకుని షాపులో జనం మధ్య ఏం పడుకుంటాం అని మొహమాటపడ్డాను. "ఆయ్, మెడ మీదండి, మొహమాటం మాదా" అని వెనక గదిలో వేయించాడు. మీ ఇంట్లో పరుపు ఏ రకం అని ఆయనే అడిగాడు, ఆ ఒక్క మాటకే నాకు నమ్మకం కుదిరింది. ఆన్‌లైన్లో ఇదే సరుకు రెండు మూడొందలు తక్కువకి కనిపించింది గానీ అక్కడ ఎత్తు సెంటీమీటర్లలో ఇచ్చి, కవరుతో కలిపి కొలిచారో లేదో రాయలేదు, తెరిచాక వాపసు తీసుకోబోమని కింద చిన్న అక్షరాల్లో ఉంది. షాపులో మాత్రం మరక పడకపోతే వారంలోపు ఎత్తు మార్చి ఇస్తానన్నాడు, బిల్లు మీద రాసిమ్మంటే రాసిచ్చాడు. మీరూ రాయించుకోండి. బేరం ఆడితే ధర పెద్దగా తగ్గించలేదు, కవరు ఒకటి ఎక్కువ ఇచ్చాడు. అత్తయ్యగారికి పల్చటిది అడిగితే ప్రస్తుతం లేదండి, వచ్చే సరుకులో తెప్పిస్తాను అన్నాడు. అడ్వాన్సు మాత్రం నేను ఇవ్వలేదు, ముందు వస్తే నవారు మంచం మీదే వేసి చూస్తానని చెప్పాను, సరేనన్నాడు.